కరెంటు కోసమైతే కొనొద్దు, ఆవిరి కోసమైతే కొనుక్కోండి: వంటింటి చెత్త బయోగ్యాస్ యూనిట్ మీద నా రివ్యూ

రోజుకు నూటయాభై, రెండు వందల కిలోల తడి చెత్త వచ్చే మెస్సో, హాస్టలో, కల్యాణ మండపమో మీకుండి, ఇడ్లీకీ సాంబారుకీ ఆవిరి వాడే అలవాటుంటే ఇది చదవండి. ఇంట్లో నలుగురికి వండుకునేవాళ్ళకు ఈ మిషనుతో పనిలేదు, పెరట్లో ఒక ఎరువు గుంత చాలు.

మా బావమరిదికి తిరుపతిలో తిరుచానూరు రోడ్డులో మెస్సు ఉంది, జతగా క్యాటరింగు కూడా. నేను గాజులమండ్యం చక్కెర ఫ్యాక్టరీ బాయిలర్ హౌసులో పనిచేసి బయటికొచ్చినవాణ్ణి. ఫస్టు క్లాసు బాయిలర్ అటెండెంటు సర్టిఫికెట్టు ఇంకా బీరువాలో ఉంది. ఫ్యాక్టరీ మాత్రం మూతపడి చాన్నాళ్ళయింది. చుట్టాల్లో ఎవరు ప్రెషర్ గేజీ ఉన్న వస్తువు కొన్నా నన్నే పిలుస్తారు, కుక్కరు విజిలు రాకపోయినా సరే.

ఒకరోజు బావమరిది ఫోను. "బావా, మన కసువుతో మన కరెంటే అంట. నెలనెలా బిల్లే ఉండదంట."

"అట్లయితే వాళ్ళు నేరుగా కరెంటోళ్ళకే అమ్ముకోవచ్చు గదరా, నీ దగ్గరికెందుకు వచ్చినారు?" అన్నాను. వాడికి ఆ మాట నచ్చలేదు. నేను పోయి చూసేసరికే అడ్వాన్సు ఇచ్చేసినాడు.

కంపెనీ పేరు రాయను. ఇట్లాంటివి అమ్మేవాళ్ళు చాలామంది ఉన్నారు, లోపలి సరుకు అందరిదీ దాదాపు ఒకటే. పేరు చూసి కొనేదానికంటే ఏ భాగం ఎంతవరకు పనికొస్తుందో తెలుసుకుని కొనడం మంచిది.

మాకు వచ్చింది మూడు భాగాలు. ఒకటి చెత్తను మురగబెట్టే ఫైబర్ ట్యాంకు, దానికి తగిలించిన గ్యాసు బెలూను, ముందు ఒక గ్రైండరు. రెండోది ఆ గ్యాసుతో నడిచే చిన్న ఆవిరి బాయిలరు. మూడోది గ్యాసుతో తిరిగే జనరేటరు. మొత్తం కలిపి సుమారు రూ. 14 లక్షలు. అందులో జనరేటరు ఒక్కటే రూ. 3 లక్షలు. ఆ 3 లక్షల సంగతి చివర్లో చెప్తాను.

ఇది రాకముందు మా మెస్సు చెత్త మూడు దారుల్లో పోయేది. మిగిలిన అన్నం, సాంబారు కుడితికి పోయేవి, పక్కవీధి పాడి ఆయన మోపెడ్డుకు డబ్బాలు కట్టుకుని వచ్చేవాడు. కూరగాయల తొక్కలు, విస్తరాకులు బండికి. కొబ్బరి చిప్పలు కట్టెల పొయ్యికి. ఆ ఆయన ఆవులు అమ్మేసుకున్నాక అన్నం డబ్బాలు మా దగ్గరే నిలిచిపోయినాయి. ఎండాకాలంలో ఆ వాసన ముక్కు పట్టేది. పైగా 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాల్లోనే రోజుకు సగటున 100 కిలోలు దాటి చెత్త వచ్చే చోటును పెద్ద ఉత్పత్తిదారు లెక్కలో పెట్టినారు, తడి చెత్తను వీలైనంతవరకు తన ఆవరణలోనే చూసుకోవాలన్నారు. చెత్త పన్ను రద్దు చేస్తున్నట్టు 2024 అక్టోబరు 2న ప్రకటించినారు కాబట్టి మనకింక బాధ్యత లేదని కొందరు హోటళ్ళవాళ్ళు అనుకుంటున్నారు. పన్ను వేరు, ఇది వేరు.

ఇక మిషను. మొదట ట్యాంకు నిండా పేడనీళ్ళు పోసి ఊరబెట్టినాం. గ్యాసు పుట్టించే సూక్ష్మజీవులు పేడలోనే ఉంటాయి, వాటిని ట్యాంకులో కాపురం పెట్టించడానికే వారాలు పడుతుంది. తర్వాత రోజూ చెత్తను గ్రైండరులో వేసి, అంతే నీళ్ళు కలిపి, దోసెల పిండి జారుగా ఉన్నట్టు చేసి ట్యాంకులోకి వదలడం. వచ్చిన గ్యాసు బెలూనులో నిలవ ఉంటుంది. అక్కడి నుంచి గొట్టం ఒక ఇనుప పీపాలోకి, ఆ తర్వాత బాయిలరు బర్నరుకు.

ఆ పీపా గురించి అమ్మినవాళ్ళు ఒక్క ముక్క చెప్పి వదిలేసినారు. అసలు ప్రాణం అందులోనే ఉంది. చెత్త గ్యాసులో హైడ్రోజన్ సల్ఫైడు ఉంటుంది, కుళ్ళిన కోడిగుడ్డు వాసన దానిదే. అది రాగిని తినేస్తుంది, ఇత్తడి వాల్వుల్ని నల్లగా చేసేస్తుంది, ఇంజను ఆయిలును పాడు చేస్తుంది. పీపాలో తుప్పు పట్టిన ఇనుప రజను నింపితే ఆ విషాన్ని రజనే పట్టుకుంటుంది. కంపెనీవాళ్ళు ప్యాకెట్లలో అమ్మే రజను ధర చూసి నేను రేణిగుంట రోడ్డులో ఒక లేతు షాపుకు పోయి గోనెసంచి నిండా ఇనుప చెక్కు తెచ్చుకున్నాను. దాన్ని నీళ్ళు చల్లి కొన్నాళ్ళు ఎండలో పెడితే ఎర్రగా తుప్పు పడుతుంది, అప్పుడే పనికొస్తుంది. వాడినాక బొగ్గు మాదిరి నల్లగా మారుతుంది. బయటికి తీసి పలచగా నేల మీద పరిస్తే గాలి తగిలి వేడెక్కుతుంది, చెయ్యి పెడితే తెలుస్తుంది, మెల్లగా మళ్ళీ ఎర్రబడుతుంది. తిరిగి పీపాలో వేసుకోవచ్చు. కుప్పగా పోస్తే మాత్రం రాజుకునే ప్రమాదం ఉంది, పక్కన అట్టపెట్టెలు, గోనెలు ఉంచొద్దు.

బాయిలరు 24 లీటర్లది. ఆ అంకె ఊరికే పెట్టింది కాదు. 25 లీటర్లు, ఆపైన ఉంటే బాయిలర్ల చట్టం కిందికి వస్తుంది, ఇన్‌స్పెక్టరు, రిజిస్ట్రేషను, నాలాంటి సర్టిఫికెట్టు ఉన్న అటెండెంటు, అన్నీ కావాలి. ఒక లీటరు తక్కువ పెట్టి ఆ తలనొప్పి తప్పించినారు. చట్టం అడక్కపోయినా ఆవిరి ఆవిరే. వంటగదిలో పనిచేసే పిల్లలకు నేను నేర్పింది మూడే పనులు: గాజు గొట్టంలో నీళ్ళు కనిపించకుంటే బర్నరు ఆపేయడం, నీళ్ళు లేని వేడి బాయిలర్లోకి చల్లనీళ్ళు వదలకుండా ఉండడం, సేఫ్టీ వాల్వు పిడిని వారానికొకసారి లేపి చూడడం. ఇవి రాసి గోడకు అంటించినాం. కంపెనీ ఇచ్చిన పుస్తకంలో ఇవి ఉన్నాయి, కానీ ముప్పై పేజీల ఇంగ్లీషు పుస్తకాన్ని మెస్సులో ఎవరు చదువుతారు?

మన బోరునీళ్ళు బాయిలరుకు పనికిరావు. ఉప్పు ఎక్కువ. కాయిలు లోపల తెల్లటి పొర కడుతుంది, అది గోరంత మందం పట్టినా వేడి నీళ్ళకు అందక గొట్టం కాలిపోతుంది. ఆ పొర కట్టకుండా నీళ్ళను మార్చే సాఫ్టెనరు వేరే కొనాలని డబ్బు కట్టినాక చెప్పినారు. మీరు ధర మాట్లాడేటప్పుడే సాఫ్టెనరు కలిపి అడగండి. మందులు పోసి ఉప్పు పట్టకుండా చేస్తామంటే ఒప్పుకోవద్దు, ఎందుకంటే ఈ ఆవిరి నేరుగా సాంబారు గంగాళంలోకి, బియ్యంలోకి పోతుంది. ఫ్యాక్టరీలో మేం బాయిలరు నీళ్ళలో వేసిన మందులు తలుచుకుంటే ఆ ఆవిరితో వండిన అన్నం నేను తినను.

ఇప్పుడు మంచి మాట. ఆవిరి చాలా బాగుంది. బర్నరు అంటించిన కాసేపటికి గేజీలో ముల్లు లేస్తుంది, ఇడ్లీ పెట్టెలోకి వాల్వు తిప్పితే తలుపు సందుల్లోంచి పొగలు. అన్ని అరల్లోనూ ఇడ్లీ ఒకే తీరుగా ఉడుకుతుంది. ముందు గ్యాసు పొయ్యి మీద పెట్టినప్పుడు కింది అర ఇడ్లీ నీళ్ళు కారేది, పై అరది పిండిగా ఉండేది. సాంబారు అడుగంటదు. వంట మాస్టరు మొదట్లో "ఆవిరి సాంబారుకి రుచి ఉండదు సార్" అని ముఖం పెట్టినాడు. ఆయన మాటలో కొంత నిజముంది, ఆవిరి నీరుగా మారి సాంబారు పలచబడుతుంది. నీళ్ళు తగ్గించి పోయడం అలవాటయ్యాక ఆయనే ఇప్పుడు పొయ్యి దగ్గరికి పోవడంలేదు. వంటగదిలో వేడి తగ్గింది, మే నెలలో అదొక్కటే చాలు.

గ్యాసును నేరుగా పొయ్యికే పెట్టుకోవచ్చు గదా అని అడుగుతారు. పెట్టుకోవచ్చు. కానీ పెద్ద పొయ్యి మీద గంగాళం పెడితే మంటలో సగం వేడి పక్కలకే పోతుంది. బాయిలరులో నూటికి డెబ్భై అయిదు వంతులకు తక్కువ కాకుండా నీళ్ళకు అందుతుంది. పైగా బెలూను గ్యాసుకు ఒత్తిడి తక్కువ, మంట ఎగుడుదిగుడుగా ఉంటుంది. ఒక్క బర్నరును సరిచేసుకుంటే చాలు, ఆవిరి గొట్టాలు ఎన్ని పాత్రలకైనా పెట్టుకోవచ్చు.

ఇక దెబ్బ తిన్న కథ. ముహూర్తాల రోజుల్లో ఒక పెద్ద పెళ్ళికి పులిహోర మా క్యాటరింగే. చింతపండు పిండేసిన పిప్పి డ్రమ్ముల్లో మిగిలింది, మిగిలిన అన్నం వేరే. బయట పడేయడమెందుకని కుర్రాళ్ళు మొత్తం ఆ రాత్రే ట్యాంకులోకి తోసేసినారు. తెల్లారేసరికి బెలూను గట్టిగా ఉబ్బి ఉంది. బావమరిది సంబరపడిపోయి ఫోటో తీసి పంపినాడు. బర్నరు అంటిస్తే మంట లేదు, అగ్గిపుల్ల పెడితే అదీ ఆరిపోతుంది. బెలూనులో ఉన్నదంతా మండని బొగ్గుపులుసు గ్యాసు (కార్బన్ డయాక్సైడు). చింతపండు పులుపు, అన్నం పులిసిన పులుపు కలిసి ట్యాంకును పుల్లగా చేసేసినాయి, గ్యాసు చేసే సూక్ష్మజీవులు పులుపును ఓర్చుకోలేవు. పులుపు కొలిచే పీహెచ్ పరీక్ష కాగితం ముంచితే అయిదున్నర చూపించింది, ఏడుకు దగ్గరగా ఉండాలి.

కంపెనీ సర్వీసు నంబరుకు చేస్తే "టికెట్టు రాసుకున్నాం సార్" అన్నారు. మళ్ళీ చేస్తే అదే మాట. చివరికి వచ్చిన పిల్లాడు మంచోడే, తమిళం కలిపిన తెలుగులో "బ్యాక్టీరియాకి టైం ఇయ్యాల సార్, సాప్పాటు కొంచెం కొంచెంగా పెట్టాల" అన్నాడు. మేత ఆపి, కొంచెం కొంచెంగా సున్నపు నీళ్ళు పోసి, పేడనీళ్ళు కలిపి, మళ్ళీ మంట పట్టేసరికి వారాలు పట్టింది. అన్నాళ్ళూ సిలిండర్లే. ఇప్పుడు ట్యాంకు పక్కన బోర్డు: చింతపండు పిప్పి, నిమ్మ తొక్కలు, ఉల్లి పొట్టు, గుడ్డు పెంకులు, ఎముకలు, అరటాకులు వద్దు. అరటాకు నార గ్రైండరుకు చుట్టుకుంటుంది, లోపల పైకి తేలి అట్ట కడుతుంది. బోకులు కడిగిన సబ్బునీళ్ళు కూడా పోయకూడదు.

ఇక లెక్కలు. ట్యాంకు బాగున్న రోజుల్లో 200 కిలోల చెత్తకు పదహారు నుంచి పద్దెనిమిది ఘనపు మీటర్ల గ్యాసు వస్తుంది. ఒక ఘనపు మీటరు చెత్త గ్యాసు సుమారు 0.45 కిలోల వంటగ్యాసుకు సమానం. అంటే రోజుకు ఏడు, ఎనిమిది కిలోలు, రెండున్నర రోజులకు ఒక 19 కిలోల సిలిండరు మిగిలినట్టు. సిలిండరు రూ. 1,800 అనుకుంటే ఘనపు మీటరు గ్యాసు విలువ రూ. 42 దాకా ఉంది. అదే ఘనపు మీటరును జనరేటరుకు తాగిస్తే వచ్చేది ఒకటిన్నర యూనిట్లు. యూనిట్టు పది రూపాయలనుకున్నా రూ. 15. మంట పెడితే 42 వచ్చేదాన్ని ఇంజనులో పోసి 15 చేసుకుంటున్నాం, మీదికి దాని ఆయిలు మార్పు, ప్లగ్గులు, పక్కింటివాళ్ళతో ఆ చప్పుడు గొడవ. కరెంటు పోయినప్పుడు తప్ప ఆ జనరేటరును తిప్పాల్సిన పనిలేదని మొదటి నెలే తేలిపోయింది.

బావమరిదికి ఈ లెక్క చెప్తే ఒప్పుకోలేదు. "అంత పెద్ద దేశాల్లో చెత్తతో కరెంటు తీస్తున్నారు, వాళ్ళకు తెలీదా బావా?" అని కంపెనీ ఇచ్చిన రంగుల పుస్తకం ముందు పెట్టినాడు. అట్ట మీద కోపెన్‌హాగెన్‌లోని చెత్త కాల్చే అమాగెర్ బక్కె ప్లాంటు, కప్పు మీద జనం స్కీయింగు చేస్తున్న ఫోటో. ఆ ప్లాంటు 2017లో మొదలైంది, స్కీ వాలు 2019లో తెరిచినారు. ఫోటో నిజమే. కానీ ఆ చెత్త మంట నుంచి వచ్చేది కరెంటు ఒక్కటే కాదు, ఊరి ఇండ్లకు గొట్టాల్లో పోయే వేడి కూడా. మా అన్న కొడుకు అమెరికాలో మినియాపొలిస్‌లో ఉంటాడు. అక్కడ 1989 నుంచి నడుస్తున్న ప్లాంటు ఊరి నడిబొడ్డున ఉంది, చెత్త కాల్చి కరెంటుతో పాటు ఆవిరిని కూడా డౌన్‌టౌన్ భవనాలకు, పక్కనే ఉన్న టార్గెట్ ఫీల్డు బేస్‌బాల్ మైదానానికి పంపుతుంది. ప్యారిస్‌లో ఆవిరి గొట్టాల కంపెనీ 1927లోనే పుట్టింది, ఇప్పుడు ఆ గొట్టాల్లోని వేడిలో పెద్ద వాటా చెత్త కాల్చినదే.

మనకు చలికాలపు వేడి ఎందుకంటారా? అమెరికాలోనే నాష్‌విల్‌లో 1974లో పెట్టిన చెత్త ప్లాంటు చలికాలంలో ఆవిరి పంపేది, ఎండాకాలంలో అదే ఆవిరి బలంతో చల్లనీళ్ళు చేసి ప్రభుత్వ భవనాల ఏసీలకు పంపేది. 2002లో అగ్నిప్రమాదంతో ఆగిపోయింది. వాడుకునేవాడు పక్కనే ఉంటే ఆవిరికి కాలంతో పనిలేదు.

నేను ఇది కొత్తగా కనిపెట్టలేదు. మా ఫ్యాక్టరీలో చెరకు పిప్పిని కాల్చి ఆవిరి చేసేవాళ్ళం. పిప్పిలో సగం తేమే, అయినా కిలోకు 2,200 చిల్లర కిలో కేలరీల వేడి ఉండేది, ఒకే తీరు సరుకు కాబట్టి ఎప్పుడూ సమంగా మండేది. ఆ ఆవిరి ముందు టర్బైనును తిప్పి కరెంటు ఇచ్చేది. బయటికొచ్చిన తక్కువ ఒత్తిడి ఆవిరిని మేం గాలిలోకి వదల్లేదు, చెరకు రసం కాచే పెద్ద పాత్రలకు (మేం బాడీలంటాం) పంపేవాళ్ళం. ఒక బాడీలో రసం మరిగితే పుట్టిన ఆవిరి రెండో బాడీని కాచేది, దాని ఆవిరి మూడోదాన్ని. చివరి బాడీ దాకా వేడి ఎక్కడా ఊరికే పోయేది కాదు. ఒట్టి కరెంటు ప్లాంటులో అయితే టర్బైను దాటిన ఆవిరిని నీళ్ళతో చల్లార్చి ఆ వేడంతా కూలింగ్ టవరు మీంచి ఆకాశంలోకి వదిలేస్తారు. చెత్త ప్లాంటులో అయితే కాల్చిన దాంట్లో పావు వంతు కరెంటయితే గొప్ప.

మన రాష్ట్రంలో గుంటూరు దగ్గర, విశాఖ కాపులుప్పాడలో చెత్త కాల్చే ప్లాంట్లు ఉన్నాయి, విశాఖది 15 మెగావాట్లు. హైదరాబాదు జవహర్‌నగర్‌లో 2020లో 19.8 మెగావాట్లతో మొదలైంది. ఇవన్నీ కరెంటు ప్లాంట్లే. ఊరి చెత్తను దూరంగా తీసుకుపోయి కుప్పలు పోయకుండా చేస్తున్నాయి, అది చిన్న పని కాదు. వాటి పక్కన ఆవిరి కొనేవాడెవడైనా ఉంటే ఇంకా గిట్టుబాటయ్యేది.

చెత్తను కాల్చడమే తేలిక కాదు మరి. ఢిల్లీ తిమార్‌పూర్‌లో 1987లో డెన్మార్కు సాయంతో రోజుకు 300 టన్నులు కాల్చి 3.75 మెగావాట్లు తీసే ప్లాంటు పెట్టినారు. 21 రోజులు నడిచి ఆగిపోయింది. దానికి కిలోకు 1,460 కిలో కేలరీలకు పైగా ఉన్న చెత్త కావాలి, ఢిల్లీ చెత్తలో అందులో సగం కూడా లేదు. మట్టి, బూడిద, తడి కూరాకు మండుతాయా? కాగితం, అట్ట, మంచి ప్లాస్టిక్కు ముందే ఏరుకునేవాళ్ళు ఏరుకుపోతారు. 2016 నియమాల్లో 1,500 కిలో కేలరీలు, ఆపైన ఉన్న, తిరిగి వాడలేని చెత్తను పాతిపెట్టకూడదు, వేడికో కరెంటుకో వాడాలని రాసినారు. అంటే తడి వేరు, పొడి వేరు చేయందే ఏదీ సాగదు. మా మెస్సు ట్యాంకుకు వర్తించిన నియమమే ఊరికీ వర్తిస్తుంది: ఏం వేస్తామనేదే సగం పని.

మన ఊళ్ళో ఆవిరికి కొనేవాళ్ళు లేరనుకోవద్దు. తిరుమల అన్నప్రసాదాల వంట చాలావరకు ఆవిరినే నమ్ముకున్నది. 2002లోనే అక్కడ కప్పు మీద 106 సూర్య దర్పణాలు పెట్టి, రోజుకు 4,000 కిలోల ఆవిరి తీసి, పదిహేను వేల మందికి వంట చేసే ఏర్పాటు చేసినారు. కింద ఊళ్ళో పెద్దాసుపత్రుల్లో దుప్పట్లు ఉతకడానికి, పరికరాలు శుభ్రం చేయడానికి రోజంతా ఆవిరి కావాలి. పాల డెయిరీలకు కావాలి. చిక్కల్లా దూరంతోనే. ఆవిరి గొట్టంలో ఎంత దూరం పోతే అంత చల్లారి నీళ్ళవుతుంది, చుట్టూ గాజు దూది చుట్టినా ఒకటి రెండు మైళ్ళు దాటితే ఖర్చు పెరిగిపోతుంది. మన చెత్త ప్లాంట్లు మాత్రం ఊరికి దూరంగా ఉంటాయి, తూకివాకంలో తడి చెత్త నుంచి గ్యాసు తీసేది కూడా రేణిగుంట మండలంలోనే. ఆ మండలంలోనే గాజులమండ్యం పారిశ్రామికవాడ ఉంది కాబట్టి ఆవిరి కొనే ఫ్యాక్టరీని అక్కడే వెతకొచ్చు. చెత్త ప్లాంటు పక్కన ఉండమంటే ఎవరూ ఒప్పుకోరు, పక్కన లేకుంటే ఆవిరి అందదు. రామాపురం డంపింగు యార్డు చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఇన్నేండ్లు ఆ వాసన భరించినాక, ఇంకో ప్లాంటంటే ఉలిక్కిపడడంలో తప్పులేదు. వాళ్ళను ఒప్పించాలంటే ముందు పొగను శుభ్రం చేసే సామాను మీద డబ్బు పెట్టాలి, రంగుల పుస్తకాల మీద కాదు.

మెస్సు దగ్గరికి వస్తాను. మిగిలిన విషయాలు టకటకా చెప్తాను. వాసన: ట్యాంకు మూత గట్టిగా ఉంటే దాదాపు లేదు, గ్రైండరు దగ్గర మాత్రం ఉంటుంది, పని అయిన వెంటనే కడగాలి. ట్యాంకులో మురిగి బయటికొచ్చే జారు బురదను (స్లర్రీ) నీళ్ళు కలిపి తిరుచానూరు పక్క పూలతోటల ఆయన తీసుకుపోతున్నాడు, మాకు డబ్బివ్వడు, మేమూ అడగడంలేదు. మనిషి: రోజుకు గంటన్నర పని, దానికి ఒకరిని ఖాయంగా పెట్టాలి. ఎవరికి వీలైతే వాళ్ళు చేస్తారనుకుంటే పులిహోర కథే మళ్ళీ. స్థలం: బెలూనుకు ఎండ తగిలినా ఫరవాలేదు, కోతుల భయం ఉన్నచోట వల కట్టండి.

డబ్బు ఎప్పటికి తిరిగొస్తుంది? అమ్మినవాళ్ళు మూడేండ్లన్నారు. నా లెక్కలో రోజుకు ఏడు వందల రూపాయల సిలిండరు ఖర్చు తగ్గుతుంది, పండగలు, ట్యాంకు పాడైన రోజులు తీసేస్తే ఏడాదికి రూ. 2,30,000 దాకా. జనరేటరు లేకుండా 11 లక్షలకు కొనుంటే అయిదేండ్లలోపే. జనరేటరుతో కలిపితే ఆరేండ్లు. మనిషి జీతం ఇందులో కలపలేదు, ఎందుకంటే ముందు కూడా చెత్త డబ్బాలు మోయడానికి ఒక మనిషి ఉండేవాడు.

నా మార్కులు: ఆవిరికి అయిదుకు నాలుగున్నర. ట్యాంకుకు మూడున్నర, ఒక మార్కు ఓపిక లేనివాళ్ళు కొంటారని తగ్గించినాను. కంపెనీ సర్వీసుకు రెండు, ఆ పిల్లాడు రాకుంటే అదీ లేదు. కరెంటుకు ఒకటి.

కొనేవాళ్ళు అడగాల్సినవి ఇవీ: సాఫ్టెనరు ధరలో ఉందా, పీపాలోకి ఇనుప చెక్కు మనమే వేసుకోవచ్చా, ట్యాంకు పుల్లబడితే ఎవరు ఎన్ని రోజుల్లో వస్తారో కాగితం మీద రాసిస్తారా, జనరేటరు లేకుండా ఇస్తారా. చివరిదానికి అమ్మేవాళ్ళు ముఖం మాడ్చుకుంటారు, వాళ్ళ లాభమంతా అందులోనే ఉంటుంది. అయినా పట్టుబట్టండి.

మా జనరేటరు అమ్మేస్తున్నాం. పెద్దగా తిరగలేదు, ఆయిలు కొత్తగా మార్చినాం. కరెంటు ఎక్కువ పోయే చోట ఉన్నవాళ్ళకు పనికొస్తుంది. బావమరిది రెండు లక్షలు అడుగుతున్నాడు, నేనైతే లక్షన్నరకు ఇప్పిస్తాను.